నెగెటివ్ తియ్యి, చూద్దాం

పర్లాకిమిడిలో మా ఫోటోల జట్టుకి పేరు లేదు, చందా లేదు. ఉన్నదల్లా ఒకటే కట్టుబాటు. ఎవరైనా "నాను బాగానే తీసినాను, ల్యాబోడే పాడుచేసీసినాడు" అన్నారంటే, మిగతావాళ్ళు చెయ్యి చాపి "నెగెటివ్ తియ్యి, చూద్దాం" అనాలి. నెగెటివ్ అంటే కడిగిన ఫిలిం పట్టీ. అందులో నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా ఉంటుంది, ప్రింటు వేసేది దాన్నుంచే. తియ్యకపోతే ఆ పూట టీలూ పకోడీలూ ఆ మనిషి ఖాతాలోకి.

తొంభైల చివర్లో మొదలై, మా ఊరికొచ్చే చిన్న రైలు 2004లో ఆగిపోయేదాకా సాగిన ముచ్చట ఇది. మా ఊరు మ్యాపులో ఒడిశా, గజపతి జిల్లా. బజార్లో బోర్డులు ఒడియాలో ఉంటాయి, బేరాలు సగం పైన తెలుగులోనే జరుగుతాయి. పక్కనే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రం అయినప్పుడు మమ్మల్ని అటు కలిపారు. చుట్టాలు ఇటు, ఆఫీసులు అటు. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పిన ఊరని మా మేష్టారు కొత్తవాళ్ళెవరు కనిపించినా చెప్పేవారు, వాళ్ళు అడిగినా అడక్కపోయినా.

మేష్టారు లెక్కలు చెప్పేవారు. ఆయన దగ్గర జెనిట్ ఈ ఉండేది, రష్యా కెమెరా. చేత్తో పట్టుకుంటే తూకంరాయి. బ్యాంకులో పనిచేసే బావ (ఎవరికి బావో తెలీదు, ఊరందరూ బావనే వాళ్ళు) పెంటాక్స్ కె1000 వాడేవాడు. మందుల షాపు చిన్నన్నది యాషికా ఎం.ఎఫ్-2. నాకు మా నాన్న వాడి పక్కన పెట్టిన ఆగ్ఫా క్లిక్-3 వచ్చింది. దాంట్లో 120 ఫిలిం వేస్తే పన్నెండు ఫోటోలు. ఎండ గుర్తు, మబ్బు గుర్తు, అంతకుమించి తిప్పడానికి పెద్దగా ఏమీ లేదు. "నీ కెమెరాకి రెండే ఋతువులురా" అనేవాడు బావ.

మా కోర్టు చిన్నన్న షాపు వెనక గదిలో. సెలైన్ సీసాల అట్టపెట్టెలే కుర్చీలు. మేడ మీద డాక్టరుగారు కొత్త ఎక్స్-రే లైటు పెట్టె కొనుక్కుని పాతది చిన్నన్నకి ఇచ్చేశారు. దాని మీద నెగెటివ్ పట్టీ పరిచి, మేష్టారు జెనిట్ లెన్సు విప్పి తిరగేసి కంటికి ఆనించుకుని చూసేవారు. ఆ యాభై ఎనిమిది మిల్లీమీటర్ల లెన్సు తిరగేస్తే భూతద్దంగా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నమ్మకపోతే మీ పాత లెన్సుతో చేసి చూడండి. ఆయన ఒక కన్ను మూసి, లెన్సుని అటూ ఇటూ జరుపుతూ, "ఊఁ... ఊఁ..." అంటూ ఉంటే ఫోటో తీసినోడికి చెమటలు పట్టేవి. ప్రింటు అబద్ధం ఆడొచ్చు గానీ నెగెటివ్ ఆడదు. ఫోకస్ పోయినా, చెయ్యి వణికినా, వెలుతురు తక్కువైనా అందులో ఉన్నది ఉన్నట్టు కనిపించేస్తుంది.

నేరాలు ఒక్కొక్కరికి ఒక్కో రకం. చిన్నన్నది తలలు తీసెయ్యడం. యాషికాలో కన్ను పెట్టి చూసే కిటికీ వేరు, ఫోటో తీసే లెన్సు వేరు. కిటికీ పైన, లెన్సు కింద. దూరం నుంచి తీస్తే తేడా తెలీదు. దగ్గరికి వెళ్ళేకొద్దీ లెన్సు కొంచెం కిందికి చూస్తున్నట్టు లెక్క, కంటికి కనిపించిన తలకాయ ఫిలిం మీదికి రాదు. అందుకే కిటికీలో గీతలు గీసి ఉంచుతారు, దగ్గర వస్తువులకి వాటి లోపలే సర్దుకోవాలని. చిన్నన్న ఆ గీతల్ని డిజైన్ అనుకున్నాడు. వాళ్ళబ్బాయి మొదటి పుట్టినరోజు ఆల్బం తెరిస్తే కేకు ఉంటుంది, కత్తి ఉంటుంది, పట్టు లంగాలు ఉంటాయి, ముఖాలు గడ్డం దగ్గర ఆగిపోతాయి. "తలనొప్పి మాత్రలు అమ్మీ అమ్మీ ఏకంగా తలకాయలే తీసీస్తన్నావేటి?" అన్నాడు బావ. చిన్నన్న ఏమాత్రం తగ్గకుండా "అందరి చీరలూ ఎంత బాగా పడ్డాయో సూడు" అన్నాడు.

బావకి ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. పాతపట్నంలో చుట్టాల పెళ్ళికి వెళ్ళి, స్టూడియో ఫోటోగ్రాఫర్‌ని పక్కకు జరగమని మరీ ఫ్లాషు కొట్టి తీసుకొచ్చాడు. ప్రింట్లు వచ్చాయి. తాళి కట్టే ఫోటోలో పెళ్ళికొడుకు నిగనిగలాడిపోతున్నాడు. ఇటు సగం చీకటి. ఆ చీకట్లో ఎక్కడో ముక్కుపుడక మెరుపు ఒకటి. "ల్యాబు" అన్నాడు బావ. "నెగెటివ్" అన్నాం. మేష్టారు లెన్సు తిరగేసి చూసి, "షట్టర్ ఎంతలో పెట్టేవు నాయినా?" అన్నారు. బావ గొణుగుతూ 125 అన్నాడు. అయిపోయింది.

కె1000లో షట్టర్ అంటే ఫిలిం ముందు అడ్డంగా పరిగెత్తే రెండు గుడ్డ తెరలు. అరవైలో ఒక వంతు సెకను దాకా అయితే మొదటి తెర పూర్తిగా తెరుచుకున్నాకే రెండోది బయల్దేరుతుంది, ఫ్లాషు వెలుగు ఫ్రేమంతా పడుతుంది. అంతకంటే వేగం పెంచితే మొదటిది అవతలికి చేరకుండానే రెండోది వెనకాలే వచ్చేస్తుంది. ఫ్లాషు మెరిసిన క్షణానికి ఎంత మేర తెరిచి ఉందో అంతే వెలుగు. ఇది మాకు ఏ పుస్తకంలోంచో రాలేదు. ఫోటోలోంచి పెళ్ళికూతురు మాయమయ్యాకే వచ్చింది. మేష్టారు తీర్పు చెప్పారు: "మూడు ముళ్ళూ పడ్డాయి గానీ అమ్మాయింకా పుట్టింట్లోనే ఉంది." తర్వాత చాలా కాలం బావ బ్యాంకు కౌంటరు దగ్గరికి ఎవరెళ్ళినా ముందు "అమ్మాయి కాపరానికి వచ్చిందా?" అనే అడిగేవారు.

బావకి ఇంకో కేసు ఉంది, అందులో మాత్రం అతని తప్పు లేదు. వాళ్ళింటి సంక్రాంతి గ్రూపు ఫోటో. కొలిచి పెట్టినట్టు తీశాడు, ఈ చివర పెద్దల్లుడు, ఆ చివర చిన్నల్లుడు, మధ్యలో ఇరవై మంది. పెద్ద ప్రింటు వేయించమని మావయ్యగారు డబ్బులిచ్చారు. బజార్లో దొరికే ఫ్రేము ఎనిమిది బై పది, కాబట్టి ప్రింటూ అదే సైజు చెప్పాడు. ముప్పై ఐదు మిల్లీమీటర్ల ఫిలిం ఫ్రేము 24 బై 36. ఎత్తు ఎనిమిది అంగుళాలకి పెంచితే పొడుగు పన్నెండు అవుతుంది. కాగితం పదే. మిగిలిన రెండంగుళాలు ఎక్కడికి పోవాలి? అటో అంగుళం, ఇటో అంగుళం. అల్లుళ్ళిద్దరూ ఎగిరిపోయారు. ఆ ఫోటో హాల్లో వేలాడినన్నాళ్ళూ పెద్దల్లుడు ఆ ఇంట్లో కాఫీ తాగలేదని బావ చెప్పేవాడు. నెగెటివ్ చూశాం, ఇద్దరూ నిక్షేపంగా ఉన్నారు. మేష్టారు ఆ రోజు పలక మీద నిష్పత్తులు వేసి చూపించారు: నాలుగు బై ఆరు, ఎనిమిది బై పన్నెండు అయితే ఎవరూ పోరు. మూడున్నర బై ఐదు అయితే కొంచెం పోతారు. ఎనిమిది బై పదికి మాత్రం అల్లుళ్ళని ముందే లోపలికి జరిపి నిలబెట్టాలి.

కలర్ రోళ్ళు బరంపురం వెళ్ళాల్సిందే. మా ఊళ్ళో స్టూడియో ఆయన వాటిని పోగుచేసి బస్సులో పంపేవాడు, కడిగి ప్రింట్లేసి రావడానికి ఒక్కోసారి వారం. ఆయన ఒడియా మనిషి, తెలుగు మాకంటే స్పష్టంగా మాట్లాడేవాడు, కవరు మీద పేర్లు మాత్రం ఒడియాలో రాసుకునేవాడు. ఆయన మూడ్ బట్టే మాకు ఫలితం తెలిసిపోయేది. కవరు తిన్నగా చేతికిస్తే పర్లేదు. కళ్ళజోడు తీసి పట్టీని ట్యూబ్‌లైటు వైపు ఎత్తి, తల అడ్డంగా ఊపుతూ "కిచ్ఛి నాహీఁ బాబూ" (ఏమీ లేదు బాబూ) అన్నాడంటే ఆ రోలు ఖాళీ. ఫిలిం కొస స్పూలుకి పట్టలేదన్నమాట. లోపల తిరక్కుండానే ముప్పై ఆరు క్లిక్కులు. ఫిలిం నిజంగా కదులుతుంటే వెనక్కి చుట్టే నాబ్ కూడా తనంతట తిరగాలి, అది చూసుకోవాలని అందరికీ తెలుసు. చిన్నన్నకీ తెలుసు. గోపాలపూర్ ట్రిప్పు మొత్తం, లైట్‌హౌసు, సముద్రం, ఒంటె మీద వాళ్ళావిడతో సహా, కిచ్ఛి నాహీఁ. ఆ మాట మా జట్టులో స్థిరపడిపోయింది. పరీక్ష ఎలా రాశావంటే కిచ్ఛి నాహీఁ, జీతంలో ఏం మిగిలిందంటే కిచ్ఛి నాహీఁ.

ల్యాబునే నిజంగా తప్పుపట్టాల్సిన సందర్భం మహేంద్రగిరిది. శివరాత్రికి జనం రాత్రంతా కొండెక్కుతారు, పైన పాండవుల పేర్లతో రాతి గుళ్ళున్నాయి, 1501 మీటర్ల ఎత్తు. తెల్లవారుజామున మేష్టారు భీముడి గుడి పక్కన నిలబడి, సూర్యుడు రాకముందు ఆకాశం ఎరుపు తిరిగే వేళ తీశారు. గుడి నల్లగా, వెనక వరసగా కొండలు. ప్రింటు వచ్చింది. గుడి బూడిద రంగు, ఆకాశం వెలిసిపోయి, మొత్తం మీద రేణువులు. ఆయన ఏమీ అనకుండా నెగెటివ్ మా ముందు పెట్టారు. గుడి ఉన్న చోట ఫిలిం శుభ్రంగా, ఆకాశం ఉన్న చోట చిక్కగా. ఎంత సరిగ్గా ఉండాలో అంత సరిగ్గా ఉంది.

ల్యాబు మెషిను ప్రతి ఫ్రేముని సగటున మధ్యస్థం వెలుతురుకి తెచ్చేస్తుంది. సగం నలుపున్న ఫోటో వస్తే "పాపం, చీకటైపోయింది" అనుకుని తెలుపు చేస్తుంది. పొగమంచు ఫోటో వస్తే "అయ్యో, తెల్లబోయింది" అని మసి పూస్తుంది. తీసినవాడి ఉద్దేశం దానికి అక్కర్లేదు. స్టూడియో ఆయన చేత కవరు మీద ఒడియాలో ఇంకా నలుపు రావాలని రాయించి మళ్ళీ పంపితే ఈసారి సరిగ్గా వచ్చింది. మా చరిత్రలో ల్యాబు మీద గెలిచిన కేసు అదొక్కటే అనుకుంటాను. ఆ గెలుపుకి మేష్టారు తనే టీ పోయించారు.

బ్లాక్ అండ్ వైట్ మాత్రం ఆయన స్నానాల గదిలోనే. కిటికీకి నల్ల గుడ్డ, తలుపు సందుకి పాత దుప్పటి, సున్నా వాట్ల ఎర్ర బల్బు. ఎవరో రిటైరైన స్టూడియో యజమాని దగ్గర కొన్న ఎన్లార్జరు (నెగెటివ్‌లోని బొమ్మని పెద్దది చేసి కాగితం మీద పడేసే యంత్రం) తూము పక్కన స్టూలు మీద. డి-76 డెవలపరు, అంటే ఫిలిం మీద బొమ్మని తేల్చే మందు, ఇరవై డిగ్రీల వేడిలో ఉంటే మంచిదంటారు. మే నెలలో మా నూతి నీళ్ళు కూడా ముప్పై దగ్గర ఉండేవి. అంత వేడిలో ఫిలిం మీద పూత మెత్తబడిపోతుంది, గోరు తగిలితే గీత, పైగా చిటికెలో నల్లబడిపోతుంది. సోడా కొట్టునుంచి ఐసు తెచ్చి బేసిన్‌లో వేసి, డెవలపరు సీసాని అందులో కూర్చోబెట్టేవాళ్ళం. చిన్నన్న తన షాపు థర్మామీటరు తెచ్చాడు, అది ముప్పై ఐదు కింద చూపించదని అక్కడ తెలిసింది. జ్వరం ఉన్న డెవలపరుకే పనికొస్తుంది.

"ఇంటికొచ్చినోళ్ళకి చల్లటి మజ్జిగ ఇవ్వడానికి ఐసు లేదు గానీ, మీ ఫిలింకి మాత్రం ఉంటాది" అనేవారు మేష్టారి భార్య. అమ్మగారి అసలు గొడవ నీళ్ళ గురించి. హైపోలోంచి (బొమ్మని నిలబెట్టే మందు నీళ్ళు) తీసిన ప్రింటుని బాగా కడక్కపోతే కొన్నాళ్ళకి పచ్చబడిపోతుంది, కాబట్టి బకెట్లకి బకెట్లు. ఎండాకాలం నుయ్యి అడుగంటినప్పుడు మేష్టారు కడుగుడు కుదించేశారు. ఆ ఏడాది వేసిన ప్రింట్లన్నీ ఇప్పుడు పసుపు రాసినట్టున్నాయి. చూడగానే ఏ వేసవో చెప్పెయ్యొచ్చు.

ఆ గదిలో వేసిన వాటిలో నాకు కళ్ళకి కట్టినట్టు గుర్తున్నది అమ్మగారి ఫోటోయే. పెరట్లో పనస చెట్టు ముందు పీట మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. ముఖం, చేతులు, చింతపండు పీచు కూడా లెక్కపెట్టొచ్చు. వెనక పనసాకుల మధ్యనుంచి వచ్చిన వెలుతురు చుక్కలన్నీ ఆవిడ చుట్టూ గుండ్రంగా తిరుగుతున్నాయి. బావ పకపకా నవ్వాడు. "మేష్టారూ, అమ్మగారిని సుడిగుండంలో కూర్చోబెట్టీసినారు!" రష్యా లెన్సు లోపమని అందరం తేల్చాం. ఆయన కూడా చిన్నబుచ్చుకుని ఆ ప్రింటు పుస్తకంలో దాచేశారు. జెనిట్‌కి ఉన్న ఆ హేలియోస్ లెన్సు తత్వమే అంత, పూర్తిగా తెరిచి తీస్తే వెనక మసక తిరుగుతుంది. ఇప్పుడు ఆ సుడి కోసమే ఆ పాత లెన్సులు వెతికి కొనుక్కుని, అడాప్టర్ పెట్టి డిజిటల్ కెమెరాలకి తగిలిస్తున్నారు కుర్రాళ్ళు. బావకి ఈ సంగతి ఫోన్లో చెబితే "అయితే మనం నవ్వినందుకు జీఎస్టీతో సహా కట్టాలేటి?" అన్నాడు.

ఫోటోగ్రఫీ మీద ఎంత గంభీరంగా మాట్లాడుకున్నా, మా ఆల్బాల్లో మంచివి తీరా చూస్తే రోలు ముగించడానికి తీసినవే. పెళ్ళి అయిపోతుంది, ఇంకా మూడు ఫ్రేములు మిగులుతాయి. ప్రింటుకి నాలుగైదు రూపాయలు, రోలు ఖరీదు వేరే, మిగిల్చి పంపడం దండగ. అందుకని ఇంటికొచ్చి పిల్లినో, గుమ్మానో, గోలీలాడే గుంటల్నో, ఎవరు ఎదురైతే వాళ్ళని టకటకా కొట్టేసేవాళ్ళం. ఎవరూ జుట్టు దువ్వుకోరు, నిటారుగా నిలబడరు. మొదట్లో ఫిలిం లోడ్ చేసేటప్పుడు వెలుతురు తగిలి సగం కాలిపోయిన ఫ్రేము కూడా అంతే. స్టూడియో ఆయన దాన్ని ఉచితంగా వేసి పంపేవాడు. సగం నారింజ రంగు మంట, మిగతా సగంలో మా నాన్న వీధరుగు మీద పేపరు చదువుతూ. ఆయన తనకు తెలియకుండా దొరికిన ఫోటో నా దగ్గర అదొక్కటే.

ఇక రైలు. నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా మా ఊరికి 1900లో వచ్చిన చిన్న లైను, రాజావారు వేయించింది. రెండడుగుల ఆరంగుళాల వెడల్పు పట్టాలు. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. అది వెళ్ళే వేగానికి దిగి, జీడిమామిడి పండు కోసుకుని, మళ్ళీ ఎక్కొచ్చని ఊరి పరాచికం. 2004లో దాన్ని ఆపి పెద్ద లైను వేస్తారని తెలిశాక మేం ఆదివారమాదివారం పట్టాల పక్కనే. చిన్నన్న ఫోటోలు షేక్. "ఒరే, ఈ రైలు ఫోటో కూడా షేకైతే ఇంక నీకు గోడ ఫోటోయే దిక్కు" అన్నారు మేష్టారు.

చివరి వారంలో మేష్టారు స్టేషను కొసన, గేటు దగ్గర చోటు చూసుకున్నారు. వెలుతురు కొలుచుకున్నారు, ఫోకస్ ముందే పెట్టుకున్నారు. ఇంజిను కూత వినపడింది. వచ్చింది. మీట నొక్కితే కెమెరా కదల్లేదు, ఫిలిం తిప్పలేదు మరి. తిప్పి మళ్ళీ నొక్కేసరికి చివరి పెట్టె కూడా ఫ్రేము దాటిపోయింది. అక్కడే మొదలుపెట్టేశాడు బావ, నెగెటివ్ రాకముందే తీర్పు.

ఆ రోలు స్నానాల గదిలో కడిగాక ట్రేలో ప్రింటు మెల్లగా పైకి తేలుతుంటే నవ్వుదామనే వంగాం. రైలు లేదు. గేటు దగ్గర ఆగిన జనం అందరూ, సైకిలు మీద ఒక కాలు ఆనించుకున్న పోస్ట్‌మాను, తల మీద కట్టెల మోపుతో సవర ఆడమనిషి, మేకల్ని తాడుతో పట్టుకున్న గుంటడు, గేటు పిడి పట్టుకున్న గేటుమాను, ఒకే వైపు తలలు తిప్పి చూస్తున్నారు. ఒక మేక మాత్రం కెమెరా వైపు. ఎనిమిది బై పన్నెండు వేశాం, ఎవరినీ కొయ్యకుండా. "రైలు లేని రైలు ఫోటో" అని బావ ఇప్పటికీ వెక్కిరిస్తాడు. వెక్కిరిస్తూనే దాని కాపీ ఒకటి వేయించుకుని వాళ్ళింట్లో సంక్రాంతి గ్రూపు ఫోటో ఉన్న మేకుకి తగిలించుకున్నాడు.

ఫోన్లు వచ్చాక మా కోర్టు నడవడం కష్టమైపోయింది. వాట్సాప్‌లో చిన్నన్న పెట్టే ఫోటోల్లో తలలన్నీ ఉంటున్నాయి. అనుమానంగానే ఉంటుంది. పోయిన తలల్ని అక్కడికక్కడే చెరిపేసి, మంచిది ఒక్కటే పంపితే ఎవరిని ఏమని అడగాలి? "మిగతా ఇరవై కూడా పెట్టు" అంటే పెట్టడు. బావ మాత్రం కొత్త కేసొకటి తెచ్చాడు ఈ మధ్య. మనవడి ఫోటో ఫోన్లోంచి నాలుగు బై ఆరు వేయిస్తే నెత్తి మీద కుచ్చుజుట్టు పోయిందట. ఫోను ఫోటో నాలుగు బై మూడు నిష్పత్తి. ఆరంగుళాల పొడుగుకి నాలుగున్నర కావాలి, కాగితం నాలుగే. మేష్టారి పలక గుర్తున్నవాడు ఇలాంటి ప్రింటు వేయిస్తాడా అసలు.

మేష్టారి నెగెటివ్‌లు ఇప్పుడు నా దగ్గరున్నాయి, అమ్మగారు ఇచ్చారు. కొన్నిటికి బూజు పట్టింది. మా వైపు వానాకాలం తేమకి అది తప్పదు. కొన్నిటి అంచులు పురుగు కొట్టేసింది. బాగున్నవి స్కాన్ చేస్తున్నాను, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి ఉంచుతున్నాను. ప్లాస్టిక్ కవర్లకి అంటుకుపోయినవాటిని లాగొద్దు, చిరుగుతాయి. నౌపడా–గుణుపురం చిన్న రైలు ఫోటోలు మీ ట్రంకు పెట్టెల్లో ఉంటే ప్రింటుతోపాటు నెగెటివ్ కూడా ఉందేమో చూడండి. షేకైనా, సగం కాలినా, రైలు లేకపోయినా పర్లేదు. టీ ఖర్చు చిన్నన్నది, ఆయనింకా బాకీ ఉన్నాడు.